పాలకు వాసనొస్తది

పచ్చిగడ్డి మోపు విప్పంగనే
బక్కమ్మ ముందుగాల ఏరి పారేసేది దీన్నే.
"బర్రె తిన్నదంటే పాలకు వాసనొస్తది బిడ్డా,
హోటలాయన మళ్ళగొడతడు."
మూడాకుల సన్న రెమ్మ, కొసకు పసుప్పచ్చ పూల వెన్ను.
పేరడిగితే "గడ్డికి పేరేంది?" అన్నది.
చానా సేపటికి 'అడవిమెంతి' అన్నది, అదీ నసుగుకుంట.

పార్సిగుట్ట వాలు మీద కొట్టం లేసిపోయిన ఎండకాలం
పదమూడు బర్రెలు డీసీఎం ఎక్కి
ఘట్‌కేసర్ బాట పట్టినయ్.
గోడ కింద ఆమె పారేసిన కుప్పల
చిటికెడు కాయలు నలిపి
గుండీల డబ్బాల ఏసుకున్న.
ఎందుకో నాకే తెల్వదు.

కార్తీకం దాకా ఆగిన.
ఉడుకుల ఏస్తే ముఖం చూపియ్యదు.
ఫాల్, పికో కుట్టే పని నాది;
రాత్రి మిషను మూసినంక బల్బు కింద కూసోని
ఒక్కో గింజ పొట్టు మీద
పదకొండో నంబరు సూదితో సన్నగ గీరిన.
జిద్దు గింజ.
లోతుగ గుచ్చితే పాణం పోతది,
గుచ్చకుంటే నీళ్ళు తాగదు.
పెండ్లిపిల్ల జాకెట్టు మెడ తిప్పేటప్పుడు గూడ
అంత ఊపిరి బిగబట్టలేదు నేను.

రామ్‌నగర్ చేపల మార్కెట్ల అడిగి తెచ్చిన
థర్మకోల్ డబ్బా, అడుగున ఏడు బొక్కలు,
లోపల కొట్టం జాగల మన్నే,
ఎన్నేండ్ల తొక్కుడు పడ్డదో, నల్లగ, మెత్తగ.
నలభై గింజలు. పదకొండు లేసినయ్.
మొదటి ఆకు ఒంటిది, గుండ్రంది,
తర్వాత గానీ మూడు కాలేదు.
పక్కింటి షమీమ్ ఆపా వంగి చూసి
"మేథీ క్యా?" అనుకుంట ఒకటి గిల్లి నోట్లేసుకున్నది.
మూతి వంకర పెట్టి, ఇంకోటి గిల్లింది.

నల్లా దినం తప్పి దినం.
బియ్యం కడిగిన నీళ్ళు దానికే,
పొద్దుగాల, ఏర్లకు మాత్రమే, సగం గ్లాసు.
ఎక్కువైతే పసుపు తిరుగుతది.
యూరియా అక్కర్లేదు,
దాని బువ్వ అది గాలిలకెళ్ళి తెచ్చుకుంటదంట.
నమ్మక ఒకటి పీకి చూసిన.
ఏర్లకు గులాబిరంగు బుడిపెలు,
చంటిపోరి చిగుళ్ళ తీరు.
మళ్ళ పెట్టిన గని బతకలే. పది.

మాపటికి ఆకులు దగ్గరికి ముడుసుకునేవి,
నాకన్నా ముందు అవే షట్టరు దించేవి.
మాఘంల పూసింది.
గింత బస్తీల ఏడ దాగినయో, తేనెటీగలు
సింటెక్స్ ట్యాంకును ఒక సుట్టు సుట్టి
దాని మీదికే దిగినయ్.

శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోయింది.
కింది ఆకులు రాలినయ్.
నేను పాత చీర నీడ కట్టిన,
రెండు పూటల నీళ్ళు పోసిన,
షమీమ్ ఆపా చేత ఊదిపిచ్చిన గూడ.
ఏడాదికే వచ్చిన మొక్క అది.
పోయే దినం దానికి ఎరుకే, నాకే ఎరుక లేదు.

మనుమరాలి చీరకు ఫాల్ ఏయిస్తానని
బక్కమ్మ అప్పుడే వచ్చింది.
మోకాళ్ళు పట్టుకోని మెట్లెక్కింది.
ఎండినంక దాని వాసన పెరుగుతది.
ఒక పుల్ల విరిసి ముక్కు కాడ పెట్టుకోని
చానా సేపు ఏం మాట్లాడలే.
"ఇరవై ఏండ్లు ఏరి పారేసిన దీన్ని," అన్నది,
"మంచిగనే ఉండెగదనే."
పుల్ల మళ్ళ డబ్బాలనే పెట్టి దిగిపోయింది.

కాయలు దులుపుకున్న.
మొలవని ఇరవై తొమ్మిది మన్నులనే ఉన్నయ్,
డబ్బా బోర్లియ్యలేదు.
ఫాల్ కుట్టిన చీర మడతల
రెండు ఎండు రెమ్మలు పెట్టి ఇచ్చిన.
ఇంటికి పోయి విప్పినంక తెలుస్తది ఆమెకు.