వెయ్యి గజాలు

గ్రాము పొడి తూచి
అరచేతిలో వేసి చూపించాను ఖుద్దూస్ చాచాకి.
నలిపిన పొగాకులా ఉంది, అంతే.
"దీన్లో వెయ్యి గజాల జాగా ఉంది చాచా."
నవ్వాడు. "రిజిస్ట్రేషన్ అయిందా బేటీ?"
హబ్సిగూడలో నా అద్దె గది పది గజాలు.

తార్నాకలో మా ల్యాబు,
కారే ఏసీ కింద బకెట్టు.
అక్కడ మూడేళ్ళుగా
ఖాళీని వండుతున్నాను.

పాలిమర్ గొలుసుల్ని ద్రావకంలో నానబెట్టాలి,
శనగల్లా ఉబ్బేదాకా ఆగాలి,
ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడే
ఒకదానికొకటి ముడివెయ్యాలి.
రాత్రంతా ఎనభై డిగ్రీలు.
తెల్లారాక ద్రావకం తన దారిన తాను పోతుంది,
గొలుసులు మాత్రం ఇక ముడుచుకోలేవు.
ఎవరో కూర్చుని లేచిపోయిన చోటు
అలాగే ఉండిపోతుంది.

పదకొండుసార్లు కూలింది,
సూది దిగని బెల్లంగడ్డలా.
"చిల్లిగవ్వకి పనికిరాదు" అన్నారు సారు.
చిల్లే కదా సార్ కావాల్సింది,
అనుకున్నాను. అనలేదు.
ఫెలోషిప్పు రాక ఐదు నెలలు.

పత్తర్‌గట్టీ వెనక గల్లీలో
చాచా డేగిసా పొద్దున్నించీ మరుగుతుంది.
బ్లౌజు ముక్క తెచ్చి "అచ్చం ఇదే" అంటారు ఆడవాళ్ళు.
చిటికెడు ఇది, చిటికెడు అది,
దుపట్టా కొస ముంచి, ఎండకి పట్టి,
ఇంకో రవ్వంత.
సాయంత్రం మిగిలిన రాణీరంగు మోరీలోకి,
మోరీ మూసీలోకి.
మూసీని నల్లగా చేసింది ఆయనొక్కడే కాదు.
రాత్రిపూట వచ్చే ట్యాంకర్ల మీద
పేర్లు రాసి ఉండవు.

గాజు గొట్టంలో దూది, దూది మీద పొడి,
పైనుంచి ఆయన రాణీరంగు పోశాను.
కింద స్టీలు గ్లాసులో
బొట్టు బొట్టుగా తేటనీళ్ళు.
శభాష్ అంటాడనుకున్నాను.
గ్లాసు ఎత్తి, వాసన చూసి,
"రంగు ఏడికి పోయింది?"
"లోపలుంది చాచా."
పొడి మొహంలో ఏ మార్పూ లేదు,
అప్పు తీసుకున్నవాడిలా.
"నాది గదా. వాపస్ ఇస్తదా?"

థీసిస్‌లో ఎంత తీసేశానో ఉంది,
తొంభై ఎనిమిది శాతం.
తీసేసింది ఎవరిదో ఎక్కడా లేదు.

మర్నాడు పొయ్యి ఆర్పించి
స్పిరిట్టుతో కడిగాను పొడిని.
మొదట ఏమీ రాలేదు.
తర్వాత సిగ్గుపడుతూ, ఒక్కో చుక్కా,
రాణీరంగు.
చాచా తన చేతిరుమాలు ముంచి
ఎండకి పట్టాడు.
"చిటికెడు తక్కువ."
ల్యాబుకెళ్ళి కొలిచాను. చిటికెడే తక్కువ.
ఆ చిటికెడు వెయ్యి గజాల్లో ఏ మూలగదిలోనో
లోపల గడియ పెట్టుకుని కూర్చుంది.
ఏడోసారి కడిగేసరికి
ఇంకెన్ని గదులు మూసుకుంటాయో!

దండెం మీద ఆరుతున్న రుమాలు చూసి
ఎవరో పెళ్ళివారి ఆవిడ ఆగింది.
"ఈ రంగే కావాలి. ఆరు దుపట్టాలు."
చాచా నా వైపు చూశాడు,
నేను గొట్టం వైపు.
"మ్యాచింగ్ రాదమ్మా ఇది" అన్నాడు,
రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ.