ఉన్ని

పుంతా అరెనాస్‌లో గాలి తలుపును తన్నుతోంది.
ఉన్ని గోదాములో పాత కంప్యూటర్
మీట నొక్కితే
కెటిల్ మరిగి, గ్రిసెల్డా మాతే కలుపుకుని
రెండు గుక్కలు తాగాక గానీ
కళ్ళు తెరవదు.

"వైరస్సేమో" అంది.
ఎలెయుతేరియో పలకలేదు. నాలుగు మరలు విప్పాడు.

లోపల ఫ్యాన్ చుట్టూ
పదిహేనేళ్ళ గొర్రెలు.
బూడిదరంగు పీచు, వేలితో లాగితే
దారమై సాగింది.
"దీనికి స్వెట్టరు ఎవరల్లారమ్మా?"

బ్రష్షుతో దులిపాడు. ర్యామ్ మార్చాడు.
డిస్కు మాత్రం టిక్కుటిక్కుమంటూ
ఎన్నాళ్ళో చెప్పనంది.

మర్నాడు మీట నొక్కగానే
తెర వెలిగింది.
కెటిల్ ఇంకా చల్లగానే ఉంది.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
గ్రిసెల్డా
జేబులో ఆ ఉన్నిముద్దని
నలుపుతూ నిలబడింది.