అరవై దగ్గర ముల్లు

గుండ్లాపల్లి షెడ్డులో నా పని
వజ్రపు మొనతో ఉక్కును గిచ్చడం.
పళ్లచక్రం మీద కనీకనపడని గుంట పడుతుంది,
డయల్లో ముల్లు ఊగి ఊగి అరవై దగ్గర ఆగితే
పెంచలయ్య మామ బయటికి పోయి బీడీ వెలిగిస్తాడు.

ఆయనకి ముల్లుతో పనిలేదు.
ఉక్కు నేరేడు దాటి, దానిమ్మ గింజ దాటి
మోదుగ పువ్వులోకి తిరిగే క్షణంలో
"దించు" అంటాడు.
చమురు ఒక్కసారి బుసకొట్టి ఊరుకుంటుంది.

పోయినేడు దినానికొక లారీ గేర్లు.
ఈ ఏడు వారానికి రెండు పెట్టెలు.
కరెంటు కారులో గేరు మార్చేదే లేదంట,
తొక్కితే పోతుందంట, చప్పుడు లేకుండా.
"మన కూడంతా ఆ చప్పుడులోనే ఉండింది గదమ్మా"
అన్నాడు మామ. అంతే.

నాలుగు కొలుముల్లో మూడు చల్లారినాయి.
ఒకదాంట్లో పిల్లి ఈనింది.
నాలుగోది
చీమకుర్తి రాయి తొలిచే కడ్డీల మీద బతుకుతోంది.

నిన్న ఒక పార్సిలు.
నూనె కాగితంలో ఒకే ఒక్క ఇరుసు,
కరెంటు మోటారుది.
కూడా చీటీ:
కాల్చినాక వంపు వెంట్రుకలో సగం మించకూడదు.
మూగబండిలో
చిన్న గీత కూడా వినపడుద్దంట.

మామ ఆ చీటీ నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.
ఇరుసును వేలితో మోగించి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
ఏమీ అనలేదు.
చల్లారిన కొలిమి తలుపు తీసి
పిల్లినీ మూడు కూనల్నీ తట్టలోకెత్తి
నా బల్ల కింద పెట్టి,

బీడీ కోసం తీసిన అగ్గిపుల్లను
ముందు బర్నరు దగ్గర గీశాడు.