ఇంకా ఊరే

ఆల్డర్‌విక్‌లో ఇప్పుడు పదకొండు వేల మంది.
పట్నమని పిలుచుకుందామా అని
వాన కురిసే మంగళవారం రాత్రి
పారిష్ హాల్లో చేతులెత్తమన్నారు.

మ్యూరియల్ టాప్‌స్కాట్ దగ్గర పాత రిజిస్టరుంది:
పద్దెనిమిది వందల యాభై ఒకటి, మూడు వందల తొంభై తలలు,
నలభై మంది మేకులు సాగగొట్టేవాళ్లు,
ఒకడి పేరుకెదురుగా "ఎక్కడివాడో తెలియదు."
ఆ తెలియనివాడే మా ముత్తాతకు తాత, అంటుంది,
టీ చల్లారిపోతున్నా పట్టించుకోక.

ఇటుకబట్టీ పోయింది. ఆ గుంటలో బాతులు.
బార్లీ చేను మీద నాలుగు వందల ఇళ్లు మొలిచాయి,
వీధులకు మాత్రం పిట్టల పేర్లు.
పిట్టలెటు పోయాయో ఏ లెక్కలోనూ లేదు.

చర్చిలో గంటలు ఆరు, లాగే మనుషులు ఐదుగురు.
మొన్నటి నుంచి ఆరో తాడు
స్కైలార్క్ వీధి నర్సు అడాకు ఒబియోరాది.
రాత్రి డ్యూటీ దిగి, చెప్పులు విడిచి లాగుతుంది,
ఒక్క లిప్త ఆలస్యంగా.

ఓటు వీగిపోయింది, ఒక్క చెయ్యి తేడాతో.
ఎవరి చెయ్యో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

ఆదివారం పొద్దున
ఐదోది మోగాక
ఊరు ఊరంతా చెవి రిక్కించి
కాస్త ఆగుతుంది.