తవిటమ్మకు, ముక్కు గురించి

తవిటమ్మా,
పర్లాకిమిడిలో నువ్వు బండెక్కించిన ఎలుగు
గుణుపురంలో క్షేమంగా దిగింది.
అట్టపెట్టె మూల చితికింది గానీ
లోపలి జీవుడికి దెబ్బ తగల్లేదు.

అడిగావు కాబట్టి చెప్తాను, చిన్నబుచ్చుకోకు.

ముందు బొచ్చు.
బట్ట మీద అరచెయ్యి పెట్టి
పిల్లి వీపు రాసినట్టు రాయి.
ఎటు రాస్తే ఊరుకుంటుందో అటు కాళ్ళు రావాలి.
నువ్వు ఎడమచెవి తలకిందులుగా కోశావు,
పాపం, ఎదురుగాలిలో నిలబడ్డట్టుంది ఎప్పుడూ.
పెద్ద కత్తెర దాచెయ్.
చిన్నదాని మొన వెనకపక్క నేతలోకే దూర్చి
ఎలక కొరికినట్టు కొంచెం కొంచెంగా కొయ్యి.
తెగిన బొచ్చు మళ్ళీ మొలవడానికి
ఇదేం మన బుర్ర కాదు.

బూరుగుదూది మెత్తగా ఉందని మోజుపడకు.
ఒక దసరాకి ఇరవైమూడు కూరాను దానితో.
గింజలు ఏరలేదు సరిగ్గా.
మాఘం వచ్చేసరికి అన్నిటికీ పొట్టలో గడ్డలు,
రెండిట్లోంచి పురుగులు.
డబ్బు వెనక్కిచ్చేశాను. ఏటి చెయ్యను?

ముట్టె కొసలో ముందు కూరు,
నొక్కితే నీ వేలే నొచ్చేటంత గట్టిగా.
తర్వాత నుదురు, బుగ్గలు.
పొట్ట ఆఖర్న, కాస్త వదులుగా,
పెళ్ళిభోజనం చేసి అరుగెక్కిన మనిషిలాగ.

పసిపిల్లలున్న ఇంటికి వెళ్ళేదానికి
గుండీలు పెట్టకు, పీకి మింగుతారు.
దారంతోనే కుట్టు కళ్ళు.
ఎడం చేస్తే పసిది.
దగ్గర చేస్తే లెక్కలడిగే కరణం.

రాయగడ బేంకు సుచరితమ్మ గారుంది చూడు,
నూటపన్నెండు ఎలుగులు, అద్దాల బీరువా,
ఒక్కోదానికీ పుట్టినరోజు చీటీ.
ఆవిడా అంటుంది, మిషనుది మూడొందలకే వస్తోందని.
అననీ. టీ పొయ్యి, ధర దించకు.
కర్పూరం బొచ్చుకి తగలకుండా
మూటగట్టి మూలన పెట్టమను చాలు.

ఇక ముక్కు.
వంకరగా వచ్చిందని ఏడ్చి రాశావు కదా,
విప్పమన్నావు కదా.

ఇప్పపూల రోజుల్లో ఒకాయన వచ్చాడు కొట్లోకి,
లింగొ శబర.
ఎడమకన్ను లేదు. కన్ను నుంచి దవడ దాకా
కుట్లు, దున్ని వదిలేసిన మడిలాగ.
రవికల కోసం వచ్చినవాళ్ళు గోడకి తిరిగారు.
బల్ల మీద వరసన ఉన్నవాటిని
ఒక్కకన్నుతో చూసి చూసి నవ్వాడు.
"ఇవి భాలు కాదు తల్లీ, కుక్కపిల్లలు."

నల్లది కావాలన్నాడు.
రొమ్ము మీద తెల్లగా విల్లు వంపు,
గోళ్ళు ఇంతేసి, అని తన వేలు చూపించాడు.
మనవరాలికట.
నాలుగేళ్ళది, దగ్గరికి రాదట.
చెయ్యి చాపితే అమ్మ చీరలోకి దూరుతుందట.
"దీని బుగ్గ మీద కూడా ఒక కుట్టు వెయ్యి,
నాకున్నట్టే. కనపడాలి."

ముప్పయ్యేళ్ళు, తవిటమ్మా,
కుట్టు కనపడకుండా కుట్టడమే నా పని.
దారం లోపలికి లాగి, బొచ్చు పైకి దువ్వి,
ఎక్కడ మొదలెట్టానో నాకే తెలీకుండా.
ఆ రోజు ఎర్రదారం ఎక్కించి
కూర్చున్నాను, కూర్చున్నాను.
"బరంపురం ఆసుపత్రిలో
ఇంతసేపు ఆలోచించలేదు నా ముఖానికి"
అన్నాడాయన.

వేశాను. తిన్నగా రాలేదు.

వానలు పడ్డాక మళ్ళీ వచ్చాడు
ఎలుగుని సంచిలో వేసుకొని.
ఒక గోరు ఊడింది, చెవి నమిలేసింది గుంట.
బుగ్గ కుట్టు దగ్గర బొచ్చంతా అరిగి
నున్నగా ఉంది.
కొత్తబొచ్చు అతకనా అంటే వద్దన్నాడు.
"ఇప్పుడు రెండిటికీ నూనె రాస్తుంది,
ముందు దానికి, తర్వాత నాకు."
గోరుకి పది రూపాయలు తీసుకున్నాను.
తీసుకోకపోతే ఊరుకునే మనిషి కాదు.

నీ ఎలుగు ముక్కు ముట్టుకోలేదు.
చెవి మాత్రం తిప్పి కుట్టాను.
బుధవారం బండికి పంపుతాను,
పెట్టె కాదు, గుడ్డసంచి.
నల్లదారం అయిపోయింది ఇక్కడ,
మీ బజారులో దొరికితే
రెండు ఉండలు పెట్టు.