ఒక బీడీ దూరం

రైలు పోయింది, కట్ట మిగిలింది.
చిన్న పట్టాలు ఊడబెరికిన చోట ఎర్ర కంకర పరిచి
పర్లాకిమిడి స్టేషను వెనక బోర్డు పెట్టారు,
మూడు భాషల్లో: ఇది సైకిళ్ళ దారి.
తెలుగులో మాత్రం దీర్ఘం రాలిపోయి
"సైకిళ్ళ దరి" అయింది.
నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని
దమయంతి అంది: "ఎల్దామేటే?"

దానిది జాకెట్టు ముక్కల కొట్టు.
నాది రక్తపరీక్షల గది.
ఇద్దరికీ నలభై ఏడు.
ఇద్దరికీ చెరో చెడ్డ మోకాలు.

బాకీల పుస్తకం చివరి అట్ట మీద గీసుకున్నాం:
పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం.
యాభై కిలోమీటర్లు, రెండు పగళ్ళు.
మరి నడుమ రాత్రి?
కాశీనగర్‌లో మా తోటికోడలి పిన్నిగారిల్లుంది.
ఆవిడ అడిగే ప్రశ్నలు ఎదురుగాలి కన్నా బరువు.
కొట్టేశాం.
"బడి వరండా" అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టాం.

అటుకులు ఇద్దరికి. బెల్లం. ఉల్లిపాయలు.
పంక్చరు సామాను, టార్చిలైటు.
కొండల్నించి ఏనుగులు దిగుతున్నాయట,
టపాకాయలు రాయమన్నాను.
"అది మనకెదురొస్తాదా, మనం దానికెదురెల్తామా,
ముందది తేల్చు" అంది దమయంతి.
ఆ వాదన రెండేసి టీలు తాగింది,
తేలలేదు.

నాలుగు గంటల ఇరవై నిమిషాలంది ఫోను.
సైకిలు షాపు సుదామ్ బెహెరా
మా బళ్ళ చెయిన్లు వేలితో లేపి చూసి
"పది" అన్నాడు.

నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో ఇద్దరికీ తెలీదు.
అందుకని ఆదివారం ప్రార్థన విడిచాక
ఇస్రాయేలు గొమాంగో వాకిట్లో కూర్చున్నాం.
ఆ లైను మీద కీమానుగా
ముప్పై రెండేళ్ళు సుత్తి మోసిన మనిషి.
సవర, ఒడియా, తెలుగు
ఒక్క మాటలోనే ఎక్కి దిగుతుంటాయి,
అప్పట్లో ఆ బండి మీద జనంలా.

"మొదటి బావి ఎంత దూరం తాతా?"
"బీడీ."
"ఆ పై మలుపు?"
"బీడీన్నర. గాలుంటే రెండు."
"వంశధార కనిపించేది?"
కాసేపు ఆలోచించాడు. "సుట్ట."

పెన్ను ఆపాను.
పోయిన వేసవిలో ఆయన కఫం పరీక్ష చేసింది నేనే.
నా చూపు పసిగట్టి
"పొగ మానీసినాను బిడ్డా" అన్నాడు,
"దూరం మానీలేదు కదా."

ఆపైన ఏ తూము కింద కప్పలు అరిస్తే
కట్టలోకి నీరు దిగినట్టో చెప్పాడు.
ఏ మోరీ దగ్గర పట్టా మీద కొడితే
పనసకాయ మీద కొట్టినట్టు మోగేదో చెప్పాడు.
ఇప్పుడు పట్టా లేదని
ఆయనకు గుర్తు చెయ్యబుద్ధి కాలేదు.

మా అట్ట తీసుకుని, తిరగేసి పట్టుకుని
గుణుపురం మీద వేలు పెట్టాడు.
"ఇక్కడ మొదలెట్టండి.
ఇప్పటి పెద్ద బండిలో సైకిళ్ళు ఎక్కించి
ఆ కొసకి ఎల్లిపోండి.
ఏరు కొన్నాళ్ళు పక్కనే దిగుతాది, మీరూ దిగండి."
"ఇంటి నుంచి బయల్దేరితేనే కదా ప్రయాణం?" అన్నాను.
"ఎల్లేవోళ్ళు నడిమధ్యన తిరిగొచ్చేస్తారు.
వచ్చేవోళ్ళు ఎటు తిరుగుతారే?"

బాణాలన్నీ కొట్టేసి
మళ్ళీ వెనక్కి గీశాం.
కిలోమీటర్లున్న చోట దమయంతి
చిన్న చిన్న బీడీలు బొమ్మలు వేసింది,
సుట్ట దగ్గర పొగ కూడా.

మీరూ వస్తారా అని మేం అడగలేదు.
వస్తానని ఆయనా అనలేదు.
లేచి మమ్మల్ని సాగనంపుతూ
నా సైకిలు వెనక క్యారేజి దగ్గర ఆగి
సుత్తి లేని చేత్తో రెండు దెబ్బలు కొట్టాడు,
చెవి వంచి విన్నాడు.
ఏమీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక
అటుకుల పక్కన "ఇద్దరికి" కొట్టేసి
"ముగ్గురికి" అని రాశాను.