ఎదిగేదాకా

ఓస్త్రవాలో మార్చి. కిటికీ అవతల ఇంకా బొగ్గు కలిసిన మంచు.
చేపల దుకాణం వెనక గదిలో
బోహుమిల్ చెబుతాడు, నేను కొడతాను.
నియాన్ టెట్రా, కోరిడోరాస్: పొసగుతుంది.
నియాన్, ఏంజెల్:
"చిన్నప్పుడు పొసగుతుంది," అంటాడు.

అవును, కాదు. నా పట్టికలో ఉన్నవి రెండే.
మూడోది చేర్చాను: ఎదిగేదాకా.

టైగర్ బార్బ్, గురామీ దగ్గర
కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.
"తొంభై ఆరులో. పొద్దున షట్టరెత్తి చూస్తే
పొట్ట కింది పొడుగాటి తీగలు రెండూ లేవు దానికి.
ఇంకా ఈదుతోంది.
కాదు అని రాయి."

ఆ తర్వాత ప్రతి 'కాదు'నీ
కాస్త మెల్లగా కొట్టాను.

సాయంత్రానికి వెతుకులాట పనిచేసింది.
మగ బెట్టాకి తోడు, మగ బెట్టా:
ఫలితాలు సున్నా.
"చెడిపోయిందా?"
"లేదు, బానే ఉంది."

దీపాలార్పుతూ సీసా దగ్గర ఆగాడు.
జేబులోంచి గడ్డం గీసుకునే అద్దం తీసి
ఎర్ర బెట్టా ముందు పట్టాడు.
మొప్పలు విప్పుకుని
అది తనమీదికి తనే లేచింది.

"ఇది ఏ గడిలో రాస్తావ్?" అన్నాడు,
అద్దం వెంటనే దించేస్తూ.